మొదటి పుస్తకాలు మనకే

పిల్లల్ని బడి మానిపించి ఇంటి దగ్గరే చదివిద్దామని నిశ్చయించుకున్న తల్లిదండ్రులు ముందుగా వెళ్లేది పుస్తకాల కొట్టుకే. తరగతి వాచకాలు, వర్కుబుక్కులు, గైడ్లు, గోడకి తగిలించే చార్టులు సంచీ నిండా తెచ్చుకుంటారు. ఆ వారంలోనే హాల్లో ఓ మూల బల్లా కుర్చీ పడతాయి, గోడమీదికి బోర్డు ఎక్కుతుంది, తొమ్మిదింటికి తెలుగు, పదింటికి లెక్కలు అని టైంటేబుల్ అంటిస్తారు. నెల తిరక్కుండానే ఆ ఇల్లు వదిలొచ్చిన కాన్వెంటు కన్నా కఠినమైన బడి అయిపోతుంది. కాన్వెంటులో టీచరు కసిరితే పిల్ల సాయంత్రం ఇంటికొచ్చి అమ్మకి చెప్పుకునేది. ఇప్పుడు కసిరేది అమ్మే, ఇక ఎవరికి చెప్పుకుంటుంది?

అందుకే నా దగ్గరికి ఈ సంగతి అడగడానికి వచ్చేవాళ్లందరికీ ఒకే మాట చెబుతాను. మొదటి మూడు నెలలు పిల్లల కోసం ఒక్క పాఠ్యపుస్తకం కూడా కొనకండి. ఆ డబ్బుతో మీరు చదువుకోడానికి రెండు మూడు పుస్తకాలు కొనుక్కోండి. చదువు అంటే మనకి తెలిసింది మనం చదివిన పద్ధతి ఒక్కటే. మనం కూర్చున్న బెంచీ, మనం తిన్న బెత్తం దెబ్బ, మనం బట్టీ పట్టిన ప్రశ్నలు, జవాబులు. పిల్లని ఎదురుగా కూర్చోబెట్టుకున్న క్షణంలో మనకి తెలియకుండానే అవన్నీ మన చేతుల్లోకి, గొంతులోకి వచ్చేస్తాయి. ‘మారతాను’ అని ఒట్టు పెట్టుకున్నంత మాత్రాన పోయేవి కావవి. ఇంకో రకం మాస్టారిని, ఇంకో రకం తల్లిని కొన్ని గంటలపాటు దగ్గర్నుంచి చూస్తే కొంత సడలుతాయి. నరసాపురంలో ఉన్నవాళ్లం అలాంటివాళ్లని చూడ్డానికి ఎక్కడికని వెళ్తాం? పుస్తకంలోనే చూడాలి.

మొదట ‘పగటి కల’ చదవండి. గిజూభాయి బధేకా గుజరాతీలో రాసిన ‘దివాస్వప్న’కి తెలుగు ఇది. ఆయన వకీలు వృత్తి వదిలి మాస్టారైన మనిషి. 1920లో భావనగర్‌లోని దక్షిణామూర్తి సంస్థలో బాలమందిరం నడపడం మొదలుపెట్టాడు. పుస్తకం చిన్నది, రెండు రాత్రుల్లో అయిపోతుంది. లక్ష్మీరామ్ అనే మాస్టారు విద్యాధికారిని బతిమాలి, ఒక్క ఏడాది పాటు నాలుగో తరగతి పిల్లల మీద తన పద్ధతులు ప్రయోగించి చూసుకోడానికి అనుమతి తెచ్చుకుంటాడు. మొదటి రోజు పిల్లల చేత మౌనంగా కూర్చునే ఆట ఆడించాలని చూస్తాడు. వాళ్లు గోల గోల చేసి తరగతి పీకి పందిరేస్తారు. ఆయన అనుకున్నదంతా నీరుగారిపోయి, ఆ పూటకి సెలవిచ్చేస్తాడు. మర్నాడు కథతో మొదలుపెడతాడు. ఇంటి చదువు మొదలుపెట్టిన ప్రతి తల్లికీ ఆ మొదటి రోజు వస్తుంది. ఎంతో ఆలోచించి సిద్ధం చేసుకున్న పాఠాన్ని పిల్ల అయిదు నిమిషాల్లో విదిలించేసి వెళ్లిపోతుంది. ఆ రోజు రాకముందే ఈ పుస్తకం చదివి ఉంటే, పిల్లని తిట్టకుండా మర్నాటికి ఇంకో దారి వెతుక్కుంటారు.

అందులోనే ఇంకో ముఖ్యమైన సంగతుంది. లక్ష్మీరామ్ పిల్లల్ని పాఠ్యపుస్తకాలు కొనొద్దంటాడు. ఆ డబ్బులన్నీ పోగేసి కథల పుస్తకాలు తెప్పించి, తరగతిలోనే గ్రంథాలయం పెడతాడు. మూడు నెలలు పాఠ్యపుస్తకాలు కొనొద్దని నేను అన్నది గాల్లోంచి పుట్టిన మాట కాదు.

రెండోది ‘రైలుబడి’. జపాన్‌లో పేరున్న నటి, టీవీ వ్యాఖ్యాత టెట్సుకో కురొయనాగి తన చిన్నతనం గురించి రాసిన పుస్తకం. జపాన్‌లో 1981లో వచ్చింది. రైలుపెట్టెల్లో నడిచే బడి, ఆ రోజు ఏ పాఠంతో మొదలుపెట్టాలో పిల్లలే తేల్చుకునే తరగతి, ప్రతి అన్నం క్యారేజీలోనూ సముద్రంలోంచి వచ్చింది కొంచెం, కొండల మీంచి వచ్చింది కొంచెం ఉండాలనే హెడ్మాస్టరు కొబయాషి... వీటి గురించి అందరూ చెబుతారు. మొదటి రోజు ఆయన చిన్నారి టెట్సుకోని ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఆమె చెప్పినదంతా నాలుగు గంటలు ఆవులించకుండా విన్నాడు. మన పిల్లల మాట మనం ఎంతసేపు అలా విన్నామో ఆలోచించుకుంటే చాలు, పుస్తకం సగం పని చేసేసినట్టే.

తల్లిదండ్రులు మాత్రం ఆ పుస్తకంలో తల్లిని వెతుక్కోవాలి. ఒకటో తరగతిలోనే ఆ పిల్లని మొదటి బడి పంపించేసింది. బల్ల మూత పదేపదే తీసి వేస్తుందని, కిటికీ దగ్గర నిలబడి వీధిలో పోయే వాయిద్యాలవాళ్లని పిలుస్తుందని. తల్లి ఆ సంగతి పిల్లకి చెప్పలేదు. ‘కొత్త బడికి వెళ్దామా?’ అని మాత్రం అంది. తనని బడిలోంచి తీసేశారన్న సంగతి కూతురికి తెలిసింది పెద్దయ్యాకే. ఇంటి చదువుకి వచ్చే పిల్లల్లో చాలామంది ఎక్కడో ఓ చోట ‘నువ్వు మొద్దువి’ అనిపించుకుని వచ్చినవాళ్లే. ‘ఆ బడి నీకు పడలేదు కాబట్టి మానిపించాం’ అని చుట్టాల ముందు పదిసార్లు చెబితే, ఆ పిల్ల చెవిలో ‘నాలోనే ఏదో తేడా ఉంది’ అనే మిగులుతుంది. ఆ తల్లి మౌనం మనం నేర్చుకోవాల్సిన మొదటి పాఠం. అమెరికా బాంబుదాడుల్లో 1945లో ఆ రైలుబడి కాలిపోయింది. అయినా అందులో చదివిన ఓ పిల్ల రాసిన పుస్తకం వల్ల మనం ఇవాళ దాని గురించి మాట్లాడుకుంటున్నాం.

ఇక చెయ్యి లేచే తల్లిదండ్రులకి చలం ‘బిడ్డల శిక్షణ’. చలం పేరు వింటే మన పెద్దవాళ్లు ఇప్పటికీ మొహం చిట్లిస్తారు, ఆయన చెప్పిందంతా ఒప్పుకోమని నేనూ అనను. కానీ బడులు తనిఖీ చేసే ఉద్యోగం చేసిన మనిషి, భయం పిల్లల్ని ఏం చేస్తుందో కళ్లారా చూసి రాశాడు. వాదించుకుంటూ చదవండి, అక్కడక్కడ కోపం కూడా తెచ్చుకోండి. ఉక్రెయిన్‌లోని పావ్లిష్ అనే పల్లెలో బడి నడిపిన సుహోమ్లిన్‌స్కీ రాసిన ‘పిల్లలకే నా హృదయం అంకితం’ పెద్ద పుస్తకం, నెమ్మదిగా చదవాల్సింది. అక్షరాలకన్నా ముందు ఆరేళ్ల పిల్లల్ని తోటల్లోకి, పొలాల్లోకి తీసుకెళ్లి చూడడం, చెప్పడం నేర్పిన పద్ధతి అందులో ఉంది. చుట్టూ చేలూ కాలవలూ ఉన్న మనకి అది బాగా పనికొస్తుంది.

ఇంగ్లీషు చదవగలిగితే జాన్ హోల్ట్ రాసిన ‘హౌ చిల్డ్రన్ ఫెయిల్’ తప్పనిసరి. 1964 నాటిది. అయిదో తరగతి చెప్పిన మాస్టారు ఆయన. పిల్లలు లెక్క చెయ్యడం మానేసి టీచరు మొహం చదువుతారని గమనించాడు. సరైన జవాబు దగ్గరకొచ్చేసరికి టీచరు కళ్లలో వచ్చే మార్పుని పట్టుకుని జవాబు చెప్పేస్తారట. రేపు మీ పిల్లని ఓ లెక్క అడిగి చూడండి. కాగితం కేసి చూస్తుందా, మీ మొహం కేసి చూస్తుందా? మీ మొహం కేసి చూస్తుంటే, మీరు లేచి వంటింట్లోకి వెళ్లిపోవడమే ఆ పూటకి మంచి బోధన.

ఈ పుస్తకాల కోసం ఎక్కువ ఖర్చు పెట్టక్కర్లేదు. సికింద్రాబాద్‌లోని ‘మంచి పుస్తకం’ సంస్థ ఇలాంటివి తక్కువ ధరకి వేస్తుంది, పోస్టులో పంపుతుంది. చెత్తలోంచి బొమ్మలు చేసి సైన్సు చెప్పే అరవింద్ గుప్తా తన వెబ్‌సైటులో తెలుగు పుస్తకాలు కూడా ఉచితంగా పెట్టారు. ప్రథమ్ బుక్స్ వారి ‘స్టోరీ వీవర్’లో పిల్లల కథలు తెలుగులో బోలెడున్నాయి, అవీ ఉచితమే. ఊళ్లో శాఖా గ్రంథాలయంలో మీ పేరునా, పిల్లల పేరునా సభ్యత్వం తీసుకోండి. ఏడాదికోసారైనా పిల్లల్ని వెంటబెట్టుకుని రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయానికి వెళ్లిరండి. అంత పుస్తకసంపద ఒకచోట చూడడమే పిల్లలకి ఓ పండగ.

పుస్తకాలు మనం చదివేశాక ఇంట్లో పెద్దవాళ్లు మిగులుతారు. ‘బడికి పంపకపోతే రేపు ఉద్యోగమెవడిస్తాడ్రా? పరీక్షలెలా రాస్తుంది?’ అంటారు మావయ్యగారు. ఆయన ప్రేమతో అడిగే ప్రశ్న అది, జవాబు చెప్పాల్సిందే. బడికి పంపించకుండా నేర్చుకున్న చదువు మన గడ్డకి కొత్త కాదని చెప్పడానికి శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి ‘అనుభవాలూ జ్ఞాపకాలూనూ’ ఆయన చేతిలో పెట్టండి. ఈ గోదావరి గడ్డ మీద పుట్టి, సంస్కృతం చెప్పుకునే ఇంట్లో పెరిగి, ఇంట్లోవాళ్లు చిన్నచూపు చూసే తెలుగు వచనాన్ని తనంతట తాను సాధించుకున్న మనిషి కథ అది. భండారు అచ్చమాంబ సంగతి కూడా చెప్పండి. బడి మొహం చూడని ఆవిడ, తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే పక్కన కూర్చుని నేర్చుకుని, ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రాసే దాకా వెళ్లింది.

చట్టం సంగతి కూడా దాచకుండా చెప్పాలి. 2009 నాటి విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకి చదువుని హక్కు చేసింది. పిల్లల్ని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అని కూడా అందులో ఉంది. ఇంటి చదువు గురించి పేరెత్తి మాట్లాడలేదు, చేర్పించని తల్లిదండ్రులకి శిక్ష అనీ రాయలేదు. మళ్లీ బడికి పంపాలనుకుంటే వయసుకి తగ్గ తరగతిలో చేర్చుకోవాలని అదే చట్టం చెబుతోంది. కాబట్టి వెనక్కి వెళ్లే దారి తెరిచే ఉంది. పాత బడి నుంచి టీసీ తప్పకుండా తీసుకోండి. పుట్టిన తేదీ పత్రంలో, ఆధార్‌లో, టీసీలో పేరు ఒకే తీరులో ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. తర్వాత జరిగే తిరుగుళ్లన్నీ ఆ ఒక్క అక్షరం తేడా వల్లే. పదో తరగతి పరీక్ష పద్నాలుగేళ్లు నిండాక ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యాపీఠం ద్వారా గానీ, జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ అయిన ఎన్‌ఐఓఎస్ ద్వారా గానీ తెలుగులోనే రాసుకోవచ్చు. ఎన్‌ఐఓఎస్‌లో మూడు, అయిదు, ఎనిమిది తరగతులకి సమానమైన స్థాయిలు కూడా ఉన్నాయి.

హైదరాబాద్‌కి చెందిన టేబుల్ టెన్నిస్ క్రీడాకారిణి నైనా జైస్వాల్ ఇంటి దగ్గరే తల్లిదండ్రుల దగ్గర చదువుకుని ఎనిమిదేళ్లకే పదో తరగతి పూర్తి చేసింది. తర్వాత మన రాజమహేంద్రవరం ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం నుంచి పీహెచ్‌డీ అందుకుంది. మావయ్యగారికి ఈ సంగతి ధైర్యాన్నిస్తుంది, చెప్పండి. మీరు మాత్రం దాన్ని గురిగా పెట్టుకోకండి. ఆ అమ్మాయి వేగం ఆ అమ్మాయిది. మీ పిల్ల పదో తరగతి పదహారేళ్లకి రాసినా కొంప మునిగిపోదు.

ఇక్కడే మన ఊరికి సంబంధించిన ఓ మాట గట్టిగా చెప్పాలి. బడి మానిపించిన ఆడపిల్లని పొద్దస్తమానం లేసు అల్లికకి కూర్చోబెట్టడం, మగపిల్లాణ్ని రొయ్యల చెరువు మీద కాపలాకి పెట్టడం ఇంటి చదువు కాదు. తల్లీతండ్రీ ఇద్దరూ పనికెళ్లిపోయి, పిల్లల్ని ఫోనుకి అప్పగించినా ఇంటి చదువు కాదు. ఇంట్లో ఒక పెద్దమనిషి రోజుకి కనీసం కొన్ని గంటలు పిల్లకి దొరికే వీలు లేకపోతే బడే మేలు. ఆ ఇంట్లో ఈ అధ్యాయాన్ని సాకుగా వాడుకోకండి.

కానీ చదువుకునే పిల్ల చేతికి తల్లి లేసు సూది ఇస్తే అది వేరే సంగతి. ఈ కొక్కెపు సూది అల్లిక పందొమ్మిదో శతాబ్దంలో స్కాట్లండ్ నుంచి వచ్చిన మిషనరీల ద్వారా ఈ ప్రాంతానికి వచ్చింది. 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మన ఆడవాళ్ల చేతుల్లో ఉన్న లెక్కలు మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. గుండ్రటి పువ్వు ఒకటి అల్లించి చూడండి. గొలుసు ముడేసి అందులో ఆరు పొట్టి కుట్లు. రెండో వరసలో ప్రతి కుట్టులోనూ రెండేసి, అంటే పన్నెండు. మూడో వరసలో ఒకటి విడిచి ఒకటి రెండేసి, పద్దెనిమిది. ఆ తర్వాత ఇరవై నాలుగు. ప్రతి వరసకీ ఆరు పెరిగితే బల్లమీద పరిచినట్టు పువ్వు చదునుగా వస్తుంది. పెంచడం మర్చిపోతే అంచు పైకి లేచి మధ్యలో గుంట పడుతుంది. ఎక్కువ పెంచితే అంచంతా కుచ్చిళ్లు పడుతుంది.

‘ఆరే ఎందుకమ్మా?’ అని పిల్ల అడగాలి. అడగకపోతే ఏమీ చెప్పకండి, ఇంకో పువ్వు అల్లించండి. అడిగిన రోజున గాజు, గిన్నె మూత, సైకిలు చక్రం... ఏది దొరికితే దాని చుట్టూ దారం చుట్టించి, ఆ దారంలో దాని అడ్డుకొలత ఎన్నిసార్లు పడుతుందో చూడమనండి. మూడు సార్లు పడి కాస్త మిగులుతుంది. అడ్డుకొలతలో సగానికి లెక్క కడితే ఆరు సార్లు పడి కాస్త మిగులుతుంది. పువ్వులో ఒక వరస పెరిగితే సగం అడ్డుకొలత ఒక కుట్టు ఎత్తు పెరిగినట్టు. కుట్టు ఎత్తూ వెడల్పూ దాదాపు సమానం కాబట్టి చుట్టుకొలతకి ఇంకో ఆరు కుట్లు కావాలి. చుట్టుకొలతలో అడ్డుకొలత ఎన్నిసార్లు పడుతుందో చెప్పే ‘పై’ (π) విలువని బట్టీ పట్టిన వాళ్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు? డైనా టైమీనా అనే గణిత ఆచార్యురాలు 1997లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో, ఆ కుచ్చిళ్లు పడే అల్లికతోనే హైపర్బోలిక్ తలం అనే వంపు తిరిగిన తలాన్ని విద్యార్థులు చేత్తో పట్టుకుని చూసేలా చేసింది. దాని మీద ఓ పుస్తకమే రాసింది. పువ్వు చెడిపోయిందని మనం విప్పేసే ఆ కుచ్చిళ్లలో అంత గణితం ఉంది. మీ పిల్ల పద్నాలుగు పదిహేనేళ్ల వయసుకి వచ్చాక మరియా మీస్ 1982లో ఈ ఊరి లేసు పనివాళ్ల గురించి రాసిన ఇంగ్లీషు పుస్తకం చదివించండి. ఇంటి అరుగు మీద కూర్చుని అల్లిన ఆడవాళ్ల శ్రమకి ఎంత దక్కింది, లాభం ఎవరికి పోయింది అన్నది అందులో ఉంది. లెక్కలతో మొదలైన సంగతి అర్థశాస్త్రం దాకా వెళ్తుంది.

మూడు నెలల తర్వాత పిల్లల పుస్తకాలు ఎలా కొనాలో దీన్నిబట్టే తేల్చుకోవచ్చు. ముందు ప్రశ్న రావాలి, ఆ వెనక పుస్తకం. పిల్లని వశిష్ఠ గోదావరి రేవుకి రోజూ తీసుకెళ్లండి. సఖినేటిపల్లి పంటు ఎక్కేచోట నీళ్లు మెట్టు దాకా ఎన్నింటికి వచ్చాయో పిల్ల చేత రాయించండి. వారం గడిచేసరికి పోటు రోజుకి ముప్పావుగంట పైన ఆలస్యమవుతోందని తనే పట్టుకుంటుంది. రెండు మూడు పక్షాలు గడిస్తే అమావాస్యకీ పున్నమికీ పోటు పెద్దదని, అష్టమి రోజుల్లో చిన్నదని తెలుస్తుంది. గోడమీది పంచాంగం కేలండరు అప్పుడు పిల్లకి పనికొచ్చే వస్తువవుతుంది. ‘తిథి అంటే ఏంటి? నెలకి ముప్ఫై రోజులే ఎందుకు?’ అని ఆ పిల్ల మిమ్మల్ని పీడించే రోజున మహీధర నళినీమోహన్ ‘కేలెండర్ కథ’ తెచ్చివ్వండి. ఉరుము వానలో భయపడి మీ ఒళ్లో దూరిన రోజున ఆయనదే ‘పిడుగు దేవర కథ’. రెండూ తేట తెలుగులో రాసిన సైన్సు పుస్తకాలు. అడగని రోజున ఇస్తే అవి కూడా పాఠ్యపుస్తకాల్లాగే మూలపడతాయి.

ప్రభుత్వ వాచకాలు వద్దని కాదు. ఒక పేజీలో తెలుగు, ఎదురు పేజీలో ఇంగ్లీషు ఉండే ఆంధ్రప్రదేశ్ ద్విభాషా పుస్తకాలు 2020-21 నుంచి వస్తున్నాయి. ఇంటి చదువుకి ఇవి బాగా పనికొస్తాయి, పైగా ఉచితంగా దించుకోవచ్చు. వాటిని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా నడిపించకండి. ఆ వయసు పిల్లలకి ఏమేం తెలియాలో మీరు చూసుకోడానికి దగ్గర పెట్టుకోండి, మూడు నెలలకోసారి తిరగేసి ఏది మిగిలిందో గుర్తు పెట్టుకోండి. లెక్కల్లో మాత్రం కాస్త వరస తప్పదు. భిన్నాలు రాకుండా శాతాలకి వెళ్తే ఎంత ఆసక్తి ఉన్న పిల్లయినా తడబడుతుంది.

మీకోసం ఓ వంద పేజీల నోటుబుక్కు కొనుక్కోండి. రోజూ రాత్రి పిల్ల ఆ రోజు అడిగిన ప్రశ్నలు, దేని మీద ఎక్కువసేపు నిలిచింది, ఎప్పుడు విసుక్కుంది అన్నవి అయిదారు వాక్యాల్లో రాయండి. మార్కులు వెయ్యకండి. పన్నెండో ఏడు దాటాక పదో తరగతికి ఏ బోర్డు, ఏ సబ్జెక్టులు అని తేల్చుకునే రోజు వస్తుంది. అప్పుడు పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని ఆ నోటుబుక్కులన్నీ తిరగేయండి. సార్వత్రిక పాఠశాలలో సబ్జెక్టులు ఎంచుకునే వీలుంది కాబట్టి ఆ ఎంపిక ఆ పిల్లకే వదిలిపెట్టండి.